మా రోజుల్లో జ్వరానికి గ్రాఫు ఉండేది

మొన్న మా తోడల్లుడి మనవడి పెళ్ళిలో, భోజనాల దగ్గర పక్క కుర్చీ పెద్దాయన మా మనవరాలిని అడిగాడు, "నువ్వేం డాక్టరువమ్మా?" అని. "ఐడీ అండీ" అంది. "ఐడీ కార్డులా?" అన్నాడాయన, బూరె విరిచి నెయ్యి పోయించుకుంటూ. ఇన్ఫెక్షియస్ డిసీజెస్ అని విడమర్చి చెప్పింది. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. ఇక నేనే కల్పించుకుని "జ్వరాల డాక్టరండీ" అన్నాను. "జ్వరానికి ఇంత చదువెందుకండీ, ఓ పారాసెట్మాల్ పడేస్తే పోదూ!" అని ఆయన రెండో బూరె అందుకున్నాడు.

యాభై ఏళ్ళ నాడు మా మామగారు నాతో అన్నదీ ఇంచుమించు ఇదే. కాకపోతే ఆయన ఇంకో మాట చేర్చారు: "అల్లుడుగారూ, మా ఇంటికొచ్చినప్పుడు ఏమీ అనుకోకుండా పెరటి గుమ్మంలోంచి రండి. నూతి దగ్గర స్నానం చేసి లోపలికి రావచ్చు." ఆ లెక్కన మా మనవరాలి బతుకే నయం. దాన్ని వీధి గుమ్మంలోంచే రానిస్తున్నారు.

దాని చదువు లెక్క చూడండి. ఎంబీబీఎస్ ఐదున్నరేళ్ళు, జనరల్ మెడిసిన్ ఎండీ మూడేళ్ళు, ఇప్పుడు ఇన్ఫెక్షియస్ డిసీజెస్ డీఎం ఇంకో మూడేళ్ళు. మధ్యలో నీట్ అని ఒకటి, నీట్ పీజీ అని ఒకటి, నీట్ ఎస్‌ఎస్ అని ఇంకొకటి. వాటికోసం గది తలుపేసుకుని కూర్చున్న నెలలు లెక్కలోకి రావు. ముప్ఫై దాటినా దానికి ఇంకా హాజరు పట్టీ ఉంది, పరీక్ష ఉంది.

నేను జ్వరాల డాక్టరుని కావడానికి పట్టిన సమయం ఒక్క పూట. 1976లో పైఅధికారితో డ్యూటీల దగ్గర మాటా మాటా వచ్చింది. మర్నాటికి బదిలీ కాగితం చేతిలో ఉంది. ఊరు, ఆసుపత్రి పేరు చెప్పను, ఆ పెద్దమనిషి పేరూ చెప్పను. అంటురోగాల ఆసుపత్రికి బదిలీ అంటే ఆ రోజుల్లో శంకరగిరి మాన్యాలు పట్టించడమే. ప్రాక్టీసుండదు, పరపతుండదు. ఆసుపత్రి ఊరవతల, శ్మశానం పక్కన. కట్టినవాళ్ళు దూరాలోచన కలవాళ్ళు.

అప్పట్లో ఈ ఆసుపత్రులన్నీ అంతే. హైదరాబాదులో నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిని పాతకాలం వాళ్ళు 'కోరంటి దవాఖానా' అంటారు. కోరంటి అంటే పువ్వు పేరనుకునేరు, క్వారంటైన్ అన్న ఇంగ్లీషు మాటని జనం నమిలి నమిలి అలా చేశారు. ఇప్పుడు దానికి రొనాల్డ్ రాస్ పేరు పెట్టారు. ఆయన 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపు చీల్చి, మలేరియా పురుగు అందులో పెరుగుతోందని కళ్ళారా చూశాడు. 1902లో నోబెల్ ఇచ్చారు. పంకా వేస్తే దోమలు ఎగిరిపోతాయని ఉక్కలో కూర్చుని, చెమటకి మైక్రోస్కోపు మరలు తుప్పు పడుతున్నా వదల్లేదట. హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టించుకోమని, కుట్టిన దోమకి ఒక అణా చొప్పున ఇచ్చాడు. మా మనవరాలికి ఇది చెబితే "తాతయ్యా, ఇప్పుడైతే ఎథిక్స్ కమిటీ ఆయన్ని జైల్లో పెట్టించేది" అంది. పెట్టించేదేమో. ఆయనకి డీఎం కూడా లేదు.

నేను చేరిన ఆ 1976లోనే దేశంలో 64 లక్షల మందికి మలేరియా. అంతకు పదేళ్ళ ముందు లక్షకి దిగిన జబ్బు అది! పోయిందని అందరూ చేతులు దులుపుకున్నాక తిరిగొచ్చింది. రోజూ యాభై అరవై స్లయిడ్లు. మనవాళ్ళే కనిపెట్టిన జేఎస్‌బీ రంగు వేసి, కిటికీ దగ్గర అద్దం తిప్పుకుంటూ ఎండ వెలుగులో చూసేవాళ్ళం. కరెంటు ఉంటే కదా బల్బు. మబ్బు పట్టిన రోజున రోగ నిర్ధారణ సూర్యుడి మీద ఆధారపడేది. ఇప్పుడు కార్డు మీద చుక్క రక్తం, రెండు గీతలు, అయిపోయింది. మా మనవరాలు వైవాక్స్‌నీ ఫాల్సిపారమ్‌నీ కంటితో పోల్చగలదో లేదో ఒకసారి పరీక్షించాను. పోల్చింది. అది వేరే సంగతి.

నాకు పాఠం చెప్పింది ప్రొఫెసర్లు కారు, మా వార్డు సిస్టరు. ఎనిమిదో తరగతి దాకా చదివి నర్సింగులో చేరిన మనిషి. ఒక సాయంత్రం గుమ్మంలో ఎవరో పిల్లని భుజాన వేసుకుని దిగుతుంటే, పది గజాల దూరం నుంచే "డాక్టరు బాబూ, కంఠసర్పి వస్తోంది, సీరం తీయండి" అంది. కంఠసర్పి అంటే డిఫ్తీరియా. నేను టార్చి వేసి గొంతు చూస్తే బూడిద రంగు పొర. గీకితే నెత్తురు. మెడ ఎద్దు మెడలా వాచి ఉంది. ఎలా తెలిసిందమ్మా అంటే "వాసన" అంది. ఆ కుళ్ళు తీపి వాసన ఒకసారి ముక్కుకు పట్టిందంటే ఇక వదలదు. గుర్రం రక్తం నుంచి తీసిన సీరం అది. ముందు చర్మంలో చుక్క వేసి, పడుతుందో లేదో చూసి, అప్పుడు వేలకి వేల యూనిట్లు ఎక్కించాలి. పొర గుండె మీదకి విషం పంపకముందే పడాలి. ఆలస్యమైతే పిల్ల వారం తర్వాత, ఆడుకుంటూ ఆడుకుంటూ పడిపోతుంది. అలా ఎందర్ని చూశానో చెప్పను. డీపీటీ టీకా వచ్చాక ఆ వార్డు ఖాళీ అయ్యింది. ఆ వాసన తెలిసిన డాక్టరు ఈ రోజుల్లో అంత తేలిగ్గా దొరకడు. దొరక్కపోవడం మంచిదే అంటుంది మనవరాలు. నేను కాదన్నానా?

కలరా వార్డులో మంచాలే వేరు. నడుమ గుండ్రంగా బెజ్జం, కింద బకెట్టు. కిందికి ఎంత పోయిందో కొలిచి, పైనుంచి అంత ఎక్కించాలి. కళ్ళు గుంటలు పడి, గొంతు కీచుబోయి, వేళ్ళు రోజంతా నీళ్ళలో నానినట్టు ముడతలు పడి, నాడి దొరక్కుండా వచ్చిన మనిషి, సెలైను ఐదారు సీసాలు దిగేసరికి లేచి కూర్చుని "ఆకలేస్తోంది బాబూ" అనేవాడు. వైద్యంలో అంత తొందరగా ఫలితం కనిపించే పని ఇంకొకటి నేను చూడలేదు. గుండెకు స్టెంటు వేసేవాళ్ళు తమదే అద్భుతం అనుకుంటారు గానీ, ఒక్క రాత్రి కలరా వార్డులో నిలబడితే తెలిసేది.

ఇక్కడ నా గొప్పతో పాటు నా మూర్ఖత్వం కూడా చెప్పాలి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు బన్‌గావ్ శిబిరంలో కలరాతో పిట్టల్లా రాలిపోతుంటే, సెలైను సీసాలు నిండుకుని, దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఉప్పు, సోడా, గ్లూకోజు నీళ్ళలో కలిపి డ్రమ్ములకెత్తి తాగించాడు. నూటికి ముప్ఫై చావులు నాలుగు లోపుకు దిగాయి. ఈ సంగతి నాకు ఐదేళ్ళ తర్వాత తెలిసింది. తెలిసీ నవ్వాను. మంచినీళ్ళు తాగిస్తే కలరా తగ్గుతుందిటయ్యా అని. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నన్నూ పంపారు. శవాల మధ్య, బ్లీచింగు పొడి బస్తాల మధ్య, సీసాలు తక్కువ, మనుషులు ఎక్కువ. ఏదో ఒకటి తాగించాల్సి వచ్చింది. తాగించాం. బతికారు. అప్పటికి గానీ నా బుర్రకెక్కలేదు.

అయితే నా బుర్రకెక్కింది గానీ జనం బుర్రకెక్కలేదు. ఇవాళ్టికీ రెండు విరేచనాలైతే "గ్లూకోజు ఎక్కించండి" అంటూ ఆర్‌ఎంపీ దగ్గరికి పరుగు. సీసా తగిలించని డాక్టరు డాక్టరే కాడు. ఈ ఒక్క విషయంలో మా రోజులకీ ఈ రోజులకీ వీసమెత్తు తేడా లేదు.

ధనుర్వాతం గది గురించి ఒక్క మాట. కిటికీలకి నల్ల గుడ్డలు, తలుపుకి గోనెపట్టా, చెప్పులు బయట. గిన్నె కిందపడినా ఒళ్ళంతా విల్లులా వంగిపోయేది, అందుకే ఆ పేరు. పేడ రాసిన బొడ్డుతో వచ్చిన పసిగుడ్లు ఎక్కువ. రాత్రంతా ఆ చీకట్లో కూర్చుని ఈడ్పులు లెక్కపెట్టి, డయాజిపామ్ మోతాదు సరిచూసేవాణ్ణి. 2015లో మన దేశంలో బాలింతలకీ, పసివాళ్ళకీ వచ్చే ధనుర్వాతం లేకుండా పోయిందని ప్రకటించారు. పేపర్లో మూల చిన్న వార్త. కేకలేసే పండగ అది, ఎవరూ పట్టించుకోలేదు.

పిచ్చికుక్క కాటుకి బొడ్డు చుట్టూ పద్నాలుగు పోట్లు పొడిచిన తరం మాది. గొర్రె మెదడుతో చేసిన ఆ మందు 2004 చివరికి గానీ దేశంలో పోలేదు. ఇప్పుడు జబ్బకి నాలుగైదు, చీమ కుట్టినట్టు. కానీ నీళ్ళ గ్లాసు చూసి గొంతు పట్టేసే దశకి వచ్చినవాడికి మాత్రం నేను ఏం చేశానో మా మనవరాలూ అదే చేస్తుంది. గది చీకటి చేసి, మత్తిచ్చి, పక్కన నిలబడటం.

సరే, ఇప్పటి సంగతికొద్దాం, తిట్టాల్సింది చాలా ఉంది.

మా రోజుల్లో మంచం కాళ్ళ దగ్గర జ్వరం గ్రాఫు వేలాడేది. నాలుగు గంటలకోసారి నర్సు చుక్క పెట్టి గీత కలిపేది. ఆ కాగితం చూస్తే జబ్బు మాట్లాడేది. రోజు విడిచి రోజు శిఖరం లేస్తే మలేరియా. మెట్లెక్కినట్టు ఎక్కి పీఠం వేసుక్కూర్చుంటే టైఫాయిడ్. ఇప్పుడు రోగి గేటు దాటేలోపే పారాసెట్మాల్ నరంలోకి ఎక్కిస్తారు. గ్రాఫు చదునైపోతుంది. ఇక మిగిలింది 'ఫీవర్ ప్యాకేజీ'. పెళ్ళి భోజనాల మెనూలా ఉంటుంది, సిల్వర్, గోల్డ్, ప్లాటినమ్. ప్లాటినమ్‌లో విటమిన్ డి కూడా ఉంది. జ్వరానికీ దానికీ ఏం చుట్టరికమో!

అందులో వైడాల్ పరీక్ష ఒకటి. 1896 నాటి పరీక్ష. పాతదైతే నేను ప్రేమించాలి కదా, దీన్ని మాత్రం ప్రేమించలేను. ఎప్పుడో వచ్చి పోయిన జ్వరానికీ అది పాజిటివ్ అంటుంది. అది పట్టుకుని జనం "కొంచెం టైఫాయిడ్ ఉందిట", "టైఫాయిడ్ పాయింట్లు ఎక్కువున్నాయిట" అంటారు. కొంచెం గర్భం ఉంటుందా? రక్తం కల్చరు పెట్టు, సూక్ష్మజీవి మొలిస్తే ఉంది, అప్పుడు దానికి ఏ మందు పనిచేస్తుందో కూడా తెలుస్తుంది. నాలుగు రోజులు ఆగాలి అంటే ఎవరికీ ఓపిక లేదు.

డెంగీ సీజనొచ్చిందంటే ప్లేట్‌లెట్ల జాతర. ఇంట్లో అందరూ ఫోన్లో అడిగేది ఒకటే, "ప్లేట్‌లెట్లు ఎంత?" షేరు మార్కెట్ అడిగినట్టు. ఒకరు బొప్పాయి ఆకు దంచుతుంటారు, ఒకరు రక్తదాత కోసం వాట్సాప్‌లో మొర పెడుతుంటారు. ప్రాణం తీసేది చాలాసార్లు ప్లేట్‌లెట్ల లెక్క కాదు, రక్తనాళాల్లోంచి ప్లాస్మా కారిపోవడం. అదీ జ్వరం తగ్గి "హమ్మయ్య" అనుకున్న ఆ ఒకటి రెండు రోజుల్లో. నెత్తురు కారకపోతే పదివేలకి దిగేదాకా ఎక్కించక్కర్లేదని మా మనవరాలు చెబితే, ఆ కుటుంబం సాయంత్రానికల్లా వేరే ఆసుపత్రికి వెళ్ళిపోయింది. అక్కడ నలభై వేలకే ఎక్కించారట. సంతోషించారు.

ఇక అసలు బాధ. మా పని మందు రాయడం. మనవరాలి పని మందు కొట్టేయడం. నిజం. దీన్ని పెద్ద ఆసుపత్రుల్లో ఎప్పుడు పిలుస్తారో తెలుసా? అందరూ తలా ఒక యాంటీబయాటిక్ రాసి, మెరోపెనెమ్ అయిపోయి, కొలిస్టిన్ మొదలుపెట్టి, కేస్ షీటు దిండంత మందం అయ్యాక. కొలిస్టిన్ అంటే మా రోజుల్లో కిడ్నీలు పాడుచేస్తుందని అటకెక్కించిన మందు! దాన్ని మళ్ళీ దింపుకున్నారంటే ఎంత దివాలా తీశామో చూడండి. మనవరాలు వెళ్ళి, కాగితాలన్నీ చదివి, రోగి ఒళ్ళు చూసి, మూడు మందులు కొట్టేసి వస్తుంది. సర్జను మొహం మాడ్చుకుంటాడు. "నేనేం ఖర్చు తగ్గించానో నాకు జీతంలో ఎక్కడా కనబడదు తాతయ్యా" అంటుంది. కనబడదు. స్టెంటు లేదు, స్కోపు లేదు, కత్తి లేదు, ఆలోచించినందుకు బిల్లు వేసే కాలమ్ ఏ ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు. అమెరికాలో ఉన్న మా తమ్ముడి కొడుకు చెప్పాడు, అక్కడా అంతేనట. ఇంటర్నల్ మెడిసిన్ మూడేళ్ళ మీద ఇంకో రెండేళ్ళు ఐడీ చదివినవాడికి, ఆ రెండేళ్ళు చదవనివాడి కంటే ఒక్కోచోట తక్కువ వస్తుందట. ఏటా సీట్లు మిగిలిపోతున్నాయట.

ఒక రాత్రి నేను మరీ గొణుగుతుంటే మనవరాలు అంది, "మీరు రాసినవే తాతయ్యా, మేం ఇప్పుడు కొట్టేస్తున్నది."

అన్నం ముద్ద గొంతులో అడ్డం పడింది. ఎందుకంటే క్లోరాంఫెనికాల్, స్ట్రెప్టోమైసిన్ కలిపిన క్యాప్సూల్ ఒకటుండేది, విరేచనాలకి బెల్లమ్ముక్కలా పంచేవాళ్ళం. నేనూ పంచాను. 1972లోనే కేరళలో కాలికట్ దగ్గర క్లోరాంఫెనికాల్‌కి లొంగని టైఫాయిడ్ బయటపడింది. చదివాను. అది కేరళ కదా అనుకున్నాను. పదిహేడు, పద్దెనిమిదేళ్ళకి మా వార్డుకీ వచ్చింది. పద్నాలుగు రోజులు మందు వేసినా గ్రాఫు దిగలేదు. అప్పుడు సిప్రోఫ్లాక్సాసిన్ అందుకున్నాం. దాన్నీ అలాగే పంచిపెట్టాం, అదీ పోయింది. తర్వాత సెఫ్‌ట్రియాక్సోన్ వచ్చింది. ఇది రాస్తున్నప్పుడు కూడా ఎక్కడో ఓ ఊళ్ళో జలుబుకి దాన్ని పొడుస్తూ ఉంటారు. 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 అని, ఇలాంటి కొన్ని మందులకి దుకాణంలో రిజిస్టరు పెట్టి చీటీ ఉంటేనే ఇవ్వాలన్నారు. మా వీధి చివర మెడికల్ షాపులో ఆ రిజిస్టరు ఉంది. దాని మీద టీ గ్లాసు పెడతారు.

ఇంకొకటి కూడా ఉంది, ఇది మనవరాలికి చెప్పలేదు. 1986లో మద్రాసులో హెచ్‌ఐవీ మొదటిసారి బయటపడ్డాక కొన్నాళ్ళకి మా దగ్గరికీ వచ్చింది. లారీ డ్రైవరు. మంచం వరండా చివర వేయించాను. గ్లవుజు మీద గ్లవుజు తొడుక్కుని నాడి చూశాను. తాకితే రాదని పుస్తకంలో చదివి కూడా. మామగారి పెరటి గుమ్మం నాకు ఆ రోజు గుర్తుకు రాలేదు. మందు లేదు. ఉన్నా కొనేవాడు లేడు. 2001లో సిప్లా వాళ్ళు రోజుకి డాలరు లోపు ధరకి మూడు మందులు ఇస్తామన్నారు. 2004 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఇప్పుడు మా పిల్ల ఓపీలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు షుగరు గురించీ, మోకాలి నొప్పుల గురించీ, కూతురి పెళ్ళి గురించీ మాట్లాడతారట. ఇరవై ఏళ్ళుగా వస్తున్నవాళ్ళు. నా వరండాలో ఎవరూ ఇరవై వారాలు మిగల్లేదు.

కోవిడ్ గురించి రాయను. అందరూ రాశారు. ఆ రెండేళ్ళూ ప్రతి టీవీలోనూ ఒక అంటురోగాల నిపుణుడు ఉండేవాడు, ఇప్పుడు వాళ్ళంతా ఏమయ్యారో తెలియదు. మా మనవరాలు మాత్రం ఆ పీపీఈ కిట్టులో చెమట కారుస్తూనే ఈ శాఖలోకి వెళ్తానని తేల్చుకుంది. కార్డియాలజీ చదవమని ఇంట్లో అందరం మొత్తుకున్నాం. ఎక్కువ మొత్తుకున్నది నేనే.

పోయిన కార్తీకంలో వనభోజనాలకని ఊరి తోటకి వెళ్ళొచ్చాక, పది రోజులకి నాకు జ్వరం. తలనొప్పి, ఒళ్ళు విరుపులు. నాకు నేనే టైఫాయిడ్ అని తేల్చి, సెఫ్‌ట్రియాక్సోన్ మొదలుపెట్టమన్నాను. రాత్రి బండికి మనవరాలు దిగింది. సంచీ కూడా దించకుండా "చొక్కా విప్పండి" అంది. చంకలు చూసింది, మోకాళ్ళ వెనక చూసింది, మొలతాడు పక్కకి జరిపి టార్చి వేసింది. నడుం వెనక, చుట్ట కాల్చి అంటించినట్టు చిన్న నల్ల పక్కు. నొప్పి లేదు, దురద లేదు, నాకసలు తెలియనే తెలియదు. "స్క్రబ్ టైఫస్ తాతయ్యా. తోటలో పురుగు కుట్టింది" అని డాక్సీసైక్లిన్ మాత్రలు రాసింది. రోజుకి రెండు, వారం రోజులు. పట్టీ ఎంతయిందో చూశాను. నూరు రూపాయలు కూడా కాలేదు. ఇంజెక్షను కావాలన్నాను. ఇవ్వనంది. నలభై ఏళ్ళ సర్వీసు ఉందే నాకు అన్నాను. "అయినా ఇవ్వను" అంది.

టెట్రాసైక్లిన్ల జాతి మందు అది. ఆ జాతిలో మొట్టమొదటిది ఆరియోమైసిన్, 1948లో బయటికొచ్చింది, మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారు నడిపిన పరిశోధనశాలలోంచి. ఆ సంగతి తెలుసా అని మనవరాల్ని అడిగాను. తెలుసునంది. ఏదీ చెప్పనివ్వదు.

రెండో రోజుకి జ్వరం దిగిపోయింది. ఈ లోపల నేను పాత క్యాలెండరు వెనకవైపు గళ్ళు గీసి, ఎర్ర పెన్సిలుతో నాలుగు గంటలకోసారి నా జ్వరం గ్రాఫు వేసుకున్నాను. ఎంత శుభ్రంగా వచ్చిందంటే, మందు పడిన చోటు నుంచి గోడ మీంచి దూకినట్టు దిగింది. మనవరాలు అది చూసి ఫోటో తీసి, నాకు మాటమాత్రం చెప్పకుండా వాళ్ళ డిపార్ట్‌మెంటు గ్రూపులో పెట్టిందట. అక్కడ జూనియర్లకి గ్రాఫు అంటే ఇదీ అని చూపించారట. మూడో రోజు సాయంత్రం చుక్క పెడదామని చూస్తే క్యాలెండరు లేదు. పాత కాగితమనుకుని పనమ్మాయి చెత్తబండిలో వేసేసింది.